ఆ పెన్‌డ్రైవ్ పక్కన పెట్టు బిడ్డా

నిన్న రాత్రి పదింటికి ఫోన్ చేసి, "పెద్దబాపూ, కంప్యూటర్ సచ్చిపోయింది. తెరంత నీలం అయింది. మా క్లాసులో ఒకడు రేపు వచ్చి ఫార్మాట్ కొట్టి పోతనన్నడు, పెన్‌డ్రైవ్ గూడ ఇచ్చిండు" అన్నావు. సగం నిద్రలో ఉండి సరే అన్నాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెప్తే సగం ఈ చెవిన పడి సగం గాలికి పోతుంది కనుక రాసి పంపుతున్నాను. ఆగం కాకు. ముందు ఆ పెన్‌డ్రైవ్ తీసి అల్మారాలో పెట్టు, తర్వాత నిమ్మళంగా చదువు.

కంప్యూటర్ చచ్చిపోలేదు. చచ్చిన కంప్యూటర్ మాట్లాడదు. నీది తెర నిండా అక్షరాలు పెట్టి ఏదో చెప్తున్నది, వినేవాళ్లే లేరు.

మీ బాపు బోరు మోటారు స్టార్టరు చూశావు కదా. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, మోటారు ఎక్కువ కరెంటు గుంజినా అది టక్కున పడిపోతుంది. పడిందని మన పిట్లంలో ఏ రైతూ స్టార్టరును తిట్టడు. పడకపోతే మోటారు కాలుతుంది, మళ్లీ వైండింగ్‌కు వేలు పోయాలి. నీలం తెర కూడా ఆ పడిపోవడమే. విండోస్‌లో రెండు వాడలున్నాయి. నువ్వు వాడే వర్డు, బ్రౌజరు, ఆటలు ఒక వాడ. వాటిలో ఒకటి చెడితే అదొక్కటే మూతపడుతుంది, ఇంట్లో ఒక గది ఫ్యూజు పోయినట్టు. రెండోది లోపలి వాడ, దాన్ని కర్నల్ అంటారు. మెమరీని పంచేది, డిస్కుతో మాట్లాడేది, వైఫై, గ్రాఫిక్స్ కార్డుల డ్రైవర్లు చాలావరకు ఉండేది అక్కడే. అక్కడ తప్పు జరిగిందంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మంట లేచినట్టే. ఆ తప్పుతోనే ముందుకు పోతే నీ ఫైళ్ల మీద చెత్త రాసే ప్రమాదం ఉంది. అందుకని విండోస్ తనంతట తానే అన్నీ ఆపేసి, కారణం ఒక ముక్కలో తెర మీద రాసి నిలబడుతుంది.

నిలబడాలి. కాని నీ మిషన్ నిలబడడం లేదు. "రెండు సెకన్లు కనబడి మళ్లీ ఆన్ అయితది" అన్నావు. అది ఆటోస్టార్టరు రోగం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయండని ఊరూరా చెప్పారు, నువ్వప్పుడు చిన్నపిల్లవు. అంతకుముందు కరెంటు ఏ అర్ధరాత్రి వచ్చినా మోటారు దానంతటదే నడవాలని రైతులు వాటిని పెట్టుకున్నారు. 24 గంటలు వచ్చాక అవే ఉంటే అక్కరలేని నీళ్లు తోడిపోస్తాయి. విండోస్‌లోనూ అలాంటిదొకటి పుట్టుకతోనే ఆన్ చేసి ఉంటుంది. దిస్ పీసీ మీద రైట్ క్లిక్ కొట్టు, ప్రాపర్టీస్‌లోకి పో, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ తెరువు. స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్ నొక్కితే 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' అని ఒక టిక్కు కనబడుతుంది. అది తీసెయ్యి. ఇకనుంచి తెర కదలదు, నువ్వు చదివేదాకా అట్లే ఉంటుంది.

అప్పుడు ఫోన్‌తో ఒక ఫోటో తీయి. రెండు ముక్కలు ముఖ్యం. ఒకటి స్టాప్ కోడ్. రెండోది 'వాట్ ఫెయిల్డ్' పక్కన ఉండే ఫైలు పేరు, అది అన్నిసార్లూ రాదు. తెర మీది చదరపు గళ్ల బొమ్మను స్కాన్ చేస్తే అందరికీ పనికొచ్చే మామూలు సలహాల పేజీకి పోతుంది, దానికోసం టైం వృథా చేయకు. తెర మీద అంకె నూరు శాతం దాకా పోతుంటే స్విచ్ నొక్కి చంపకు. ఆ కాసేపట్లో అది పంచనామా రాసుకుంటున్నది. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డరులో మినీడంప్ అనే ఫోల్డరు ఉంటుంది, ఆ కాగితాలన్నీ అక్కడ చేరతాయి. నేను వచ్చినప్పుడు చూడాల్సింది అవే.

అన్నట్టు, మీ క్లాసు పిల్లగాడి కొత్త ల్యాప్‌టాప్‌లో ఈ తెర నల్లగా వస్తే భయపడొద్దని చెప్పు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఏడుపు ముఖాన్ని తీసేసి, నీలం రంగును కూడా 2025లో విండోస్ 11కు నలుపు చేశారు. జాన్ వెర్ట్ అనే ఇంజనీరు విండోస్ ఎన్‌టీ రోజుల్లో నీలం మీద తెల్లక్షరాలు పెట్టడానికి గొప్ప కారణమేమీ లేదు, తాను పనిచేసే మిషన్, తాను వాడే ఎడిటరు అవే రంగుల్లో ఉండేవట. ఆ రంగు చూసి మనం ముప్పై ఏళ్లు వణికాం.

ఇప్పుడు అసలు సంగతి. నీ మొదటి పుట్టినరోజు ఫోటోలు ఇంట్లో ఒక్కటీ ఎందుకు లేవని మీ అమ్మను ఎన్నోసార్లు అడిగావు. కెమెరా పాడైందని ఆమె చెప్తూ వచ్చింది. కెమెరా బాగానే ఉండె. పాడుచేసింది నేను.

అప్పుడు బస్టాండు దగ్గర నా జిరాక్సు, టైపింగు దుకాణం. పిట్లంలో ఇళ్లలో కంప్యూటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి, వాటిలో మీ ఇంటిదొకటి. విండోస్ ఎక్స్‌పీ. కెమెరాలోంచి ఫోటోలన్నీ అందులోకి ఎక్కించి, కార్డు ఖాళీ చేసి మళ్లీ వాడుకునేవాళ్లం. ఒకరోజు నీలం తెర వచ్చింది. మీ బాపు దాన్ని మోటారు సైకిలు మీద పెట్టుకుని దుకాణానికి తెచ్చాడు. నేనేమో నాలుగు సీడీలు ఉన్నాయి కదా అని పెద్ద డాక్టరు లెక్క, ఏమీ చదవకుండానే ఫార్మాట్ కొట్టేశాను. అన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయనుకున్నాను, అడగలేదు. ఫోటోలు డెస్క్‌టాప్ మీద ఉండె. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవే. ముప్పావు గంటలో కొత్త విండోస్ తళతళలాడుతూ వచ్చింది, నేను మీసం మెలేశాను. మూడో రోజు అదే నీలం తెర మళ్లీ వచ్చింది.

రోగం విండోస్‌లో లేనే లేదు. ర్యాము పట్టీ బంగారు రంగు పళ్ల మీద మురికి చేరింది. దాన్ని తీసి, పెన్సిలు గీత చెరిపే రబ్బరుతో రెండువైపులా మెల్లగా రుద్ది, పొడి తుడిచి, మళ్లీ గట్టిగా నొక్కి పెడితే ఆ మిషన్ ఇంకో నాలుగేళ్లు నడిచింది. రూపాయి రబ్బరుతో పోయేదానికి నేను మీ నాయనమ్మ నిన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఫోటోను బలి ఇచ్చాను. తర్వాతి సంవత్సరమే ఆమె పోయింది. ఈ మాట మీ అమ్మ నాకోసం ఇన్నేళ్లు దాచింది. ఇక దాచే పని లేదు.

అందుకే చెప్తున్నా, నీలం తెరకు మొదటి మందు ఫార్మాట్ కాదు. ఇది నా ఒక్కడి అనుభవం అనుకోకు. 2024 జులై 19, శుక్రవారం పొద్దున మన గడియారం ప్రకారం సుమారు తొమ్మిది నలభైకి క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఒక చిన్న అప్‌డేట్ ఫైలు వదిలింది. ఆ ఫైలును చదివే వాళ్ల ప్రోగ్రాం 21 గడులు చదవబోయింది, అందినవి 20. లేని గడిలో చెయ్యి పెట్టింది. అది కర్నల్ వాడలో ఉండేది కాబట్టి మిషన్ మిషనే పడిపోయింది. మైక్రోసాఫ్ట్ లెక్కలో ప్రపంచమంతటా 85 లక్షల కంప్యూటర్లు. శంషాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు, కలకత్తా పోయే ఒకాయన పాసు ఫోటో దేశమంతా తిరిగింది. అదే మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల పెరిగిన హైదరాబాదు.

కంపెనీ సుమారు గంటంబావులో తప్పు ఫైలును వెనక్కి తీసుకుంది, కాని అప్పటికే పడిపోయిన మిషన్లలో చాలావాటికి సరిచేసిన ఫైలు అందే దారి లేదు. మరి వాటిని ఎట్లా లేపారో తెలుసా? సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒక్క ఫైలు తుడిచి, రీస్టార్ట్ చేశారు. చాలావాటికి మనుషులు మిషన్ మిషన్ దగ్గరికి పోయి చేతులతో చేయాల్సి వచ్చింది, అందుకే రోజులు పట్టింది. మందు మాత్రం ఒక్క ఫైలే. ఆ రోజు వాళ్లంతా నాలాగే సీడీ పట్టుకుని ఉరికి ఉంటే ఏమయ్యేదో ఊహించుకో.

సేఫ్ మోడ్ అంటే విండోస్ తన సొంత సామాను తప్ప బయటి డ్రైవర్లు దాదాపు ఏవీ ఎక్కించుకోకుండా లేవడం. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే ఆ దారి దొరుకుతుంది. అసలు లేవనే లేవకపోతే, లేచే దశలో పవర్ బటన్ పట్టుకుని ఆపు, అట్లా వరుసగా రెండు మూడుసార్లు చేస్తే రిపేరు తెర దానంతటదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, ఆ వరుసలో పో. సేఫ్ మోడ్‌లో గంటసేపు హాయిగా నడిచిందంటే అనుమానం ఏదో డ్రైవరు మీదికి పోతుంది. అక్కడ కూడా పడిపోతే ర్యాము, డిస్కు, బోర్డు వైపు చూడాలి.

సేఫ్ మోడ్‌లోకి పోగానే మొదటి పని బాగుచేయడం కాదు, నీ ప్రాజెక్టు ఫైలు, రికార్డు, ఫోటోలు వేరే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం. డిస్కే చెడిపోతున్నదనుకో, రిపేరు పేరుతో దాన్ని గంటలు గంటలు గీకితే ఉన్న కాస్త ప్రాణం కూడా పోతుంది. అందుకని చెక్‌డిస్క్ లాంటివి కాపీ అయ్యాకే. కొత్త ల్యాప్‌టాపుల్లో ఇంకో చిక్కుంది. చాలావాటిలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం పడి ఉంటుంది, ఆ సంగతి కొన్నవాళ్లకే తెలియదు. రిపేరు తెరలోకి పోతే 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ అకౌంటులో దాగి ఉంటుంది. మిషన్ బాగున్న రోజే దాన్ని తీసి పాసుబుక్కులో రాసిపెట్టుకోమని మీ దోస్తులకు చెప్పు.

తర్వాత ఒక్కటే ప్రశ్న వేసుకో. పడిపోవడం మొదలుకాకముందు ఇంట్లో ఏం కొత్తగా వచ్చింది? కొత్త ప్రింటరా, కొత్త వైఫై డాంగిలా, రాత్రికి రాత్రి అప్‌డేటా, ఇంకో యాంటీవైరసా, ఎవరో ఇచ్చిన దొంగ ఆక్టివేటరా? 1998 ఏప్రిల్‌లో చికాగోలో బిల్ గేట్స్ వేదిక మీద ఉండగా, విండోస్ 98 ఎంత సులువో చూపిస్తామని పక్కనున్నాయన ఒక స్కానరు వైరు పెట్టాడు. పెట్టగానే నీలం తెర. సభంతా నవ్వింది. వాళ్లకే అట్లా అయితే మనకెంత. కొత్తగా వచ్చినదాన్ని పీకి చూడు. డివైస్ మేనేజరులో ఆ వస్తువు ప్రాపర్టీస్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' ఉంటుంది. సిస్టమ్ రిస్టోర్ ఆన్ చేసి ఉంటే వారం కిందటి స్థితికి తీసుకుపోవచ్చు, దాంతో నీ ఫైళ్లు పోవు. ఒక్కసారికి ఒక్కటే మార్చు. మూడు కలిపి మారిస్తే బాగైనా ఏది కారణమో తెలియదు, మళ్లీ వస్తే మొదటికే.

నిన్న నువ్వు చదివిన మాట 'మెమరీ మేనేజ్‌మెంట్' అన్నావు. ఫోన్‌లో నీ గొంతు ఆ ముక్క దగ్గర స్పష్టంగానే ఉండె. అదే నిజమైతే ర్యాము మీద నాకు గట్టి అనుమానం. 'పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్‌డ్ ఏరియా' వచ్చినా మొదట చూడదగ్గది ర్యామే, అయితే డ్రైవరు కూడా ఆ మాటే అనిపించగలదు. ప్రతిసారీ వేరే వేరే కోడు వస్తుంటే అది ఇంకా ర్యాము లక్షణం. ఒకటే కోడు, ఒకటే డ్రైవరు పేరు మళ్లీ మళ్లీ వస్తే ఆ డ్రైవరును పట్టుకోవాలి. 'ఎన్‌టీఓఎస్ కర్నల్' అని పేరొస్తే మాత్రం దాన్ని దొంగ అనకు. అది ఊరి పెద్ద లాంటిది, ఎవరు తప్పు చేసినా పంచాయతీ దాని గుమ్మం ముందే పడుతుంది.

విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని సెర్చ్‌లో కొట్టు, రీస్టార్ట్ అయి ర్యామును పరీక్ష చేస్తుంది. రాత్రి పెట్టి పడుకో. తప్పు కనబడలేదంటే ర్యాము పూర్తిగా మంచిదని కాదు, కనబడిందంటే మాత్రం ర్యాములోనో, అది కూర్చున్న చోటులోనో లోపం ఉన్నట్టే. మీది డెస్క్‌టాప్ కనుక డబ్బా విప్పవచ్చు, కాని నేను వచ్చేదాకా విప్పకు. విప్పక తప్పదనుకుంటే పైలం, స్విచ్ ఆపడం కాదు, వైరే పీకెయ్యి. పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోతుంది. డబ్బా ఇనుమును చేత్తో ముట్టుకుని, అప్పుడు ర్యాము పట్టు. రెండు పట్టీలుంటే ఒక్కొక్కటే పెట్టి నడిపి చూడు.

డబ్బా విప్పినప్పుడు భయపడకు, అందులో ఏముంటుందో నాకు తెలుసు. మీ ఇల్లు రోడ్డు పక్కనే. సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే లారీలన్నీ ఆ 161వ నంబరు జాతీయ రహదారి మీద మీ కిటికీ ముందు నుంచే పోతాయి. వరికోతలప్పుడు ఆ పొట్టు దుమ్ము వేరే. ఫ్యాను రెక్కల మధ్య అదంతా గడ్డకట్టి ఉంటుంది. దుమ్ముతో వేడెక్కిన మిషన్ ఎక్కువసార్లు నీలం తెర చూపించకుండానే టక్కున ఆరిపోతుంది. కరెంటు ఎగుడుదిగుడైనా, లోపలి పవర్ సప్లై బలహీనమైనా అంతే, అక్షరం ముక్క లేకుండా రీస్టార్ట్ అవుతుంది. అంటే నీలం తెర రాకపోవడం కూడా ఒక ఆనవాలే. ఈవెంట్ వ్యూయరులో 'కర్నల్ పవర్ 41' అని మాత్రమే ఉండి డంపు ఏమీ లేకపోతే, ముందు ప్లగ్గు, ఎర్తింగు, యూపీఎస్ చూడాలి.

ఇంకో చిన్న ఆనవాలు చెప్తాను. మిషన్ లేవగానే తేదీ ఏళ్లకు ఏళ్లు వెనక్కి పోయి ఉందా? అయితే బోర్డు మీద పది రూపాయల బిళ్లకన్నా చిన్న సెల్లు ఒకటుంటుంది, అది అయిపోయింది. అది అయిపోతే బయోస్ అమరికలన్నీ మొదటికొస్తాయి, పాత మిషన్లలో డిస్కును చదివే పద్ధతి మారిపోయి 'ఇన్ఆక్సెసిబుల్ బూట్ డివైస్' అని పడిపోతుంది. దీనికి కూడా ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లను చూశాను. సెల్లు మార్చి, ఆ అమరిక సరిచేస్తే చాలు.

నీలం తెర మీద ఫోన్ నంబరు ఉంటే అది నీలం తెర కాదు. ఈ ఒక్కటి మీ అమ్మకు కూడా చెప్పు. అసలుది ఎప్పుడూ ఫోన్ చేయమనదు, మాట్లాడదు, పైసలు అడగదు. బ్రౌజరు తెర నిండా పరుచుకుని ఆ వేషం వేస్తుంది, లోపలినుంచి ఇంగ్లీషులో ఎవరో అరుస్తారు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కి టాస్క్ మేనేజరులో బ్రౌజరును మూసెయ్యి. ఎవరు చెప్పినా ఎనీడెస్క్ లాంటివి ఎక్కించి మిషన్‌ను వాళ్ల చేతికివ్వకు. ఇచ్చి పైసలు పోతే ఆ క్షణమే 1930కి ఫోన్ కొట్టాలి.

ఫార్మాట్ అసలే వద్దనడం లేదు. ఫైళ్లు బయటికి వచ్చాయి, ర్యాము మంచిదే, డిస్కు మంచిదే, కొత్త డ్రైవర్లు పీకి చూశాం, విండోస్ తన ఫైళ్లను తాను సరిచూసుకునే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్ కూడా నడిపాం, అయినా పడిపోతున్నది. అప్పుడు కొడదాం. నేనే కొడతాను. కాని ఆ పిల్లగాడు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌తో కాదు, అందులో ఏ ఆక్టివేటరు నక్కి ఉందో వాడికే తెలియదు.

ఏడాదికి ఒక్కసారి వచ్చి పోయే నీలం తెరకైతే ఇంత హంగామా అవసరం లేదు. ఫోటో తీసి మర్చిపో. నీకు మాత్రం వారంలో నాలుగుసార్లు వచ్చిందన్నావు.

ఆదివారం పొద్దటి బస్సుకు బాన్సువాడ నుంచి వస్తాను. అప్పటిదాకా ఒక కాగితం మీద తేదీ, టైం, అప్పుడు ఏం చేస్తున్నావు, ఏ మాట వచ్చింది, ఈ నాలుగూ రాసి గోడకు అతికించు. ప్రాజెక్టు ఫైలు ఈ రాత్రే కాపీ చేసి నాకు కూడా ఒకటి పంపు. కిరాణా దుకాణంలో తెల్లరబ్బరు ఒకటి కొనిపెట్టు, కొత్తది, ఇంక్ అంటనిది.